నూనె రాయని రాయి

మల్కాపురం పక్కన కొండను తొలిచి లోపల గ్యాసు దాస్తారట. కొండరాయి గ్యాసును ఆపుతుందో, వదిలేస్తుందో తేల్చే పని సీతమ్మధారలోని ఒక చిన్న ల్యాబుకు వచ్చింది. అక్కడ రాళ్లు సర్ది, యంత్రం తుడిచే మనిషి చలమయ్య. అతని ఇల్లు ఆ కొండ మొదట్లోనే. కూతురు హేమశ్రీ, ఆమె పిల్లలూ అక్కడే ఉంటారు.

పని చూడటానికి చిన్నదే. బొటనవేలంత రాతిముక్కను రబ్బరు తొడుగులో బిగించి, ఒక పక్క నుంచి గ్యాసు నొక్కుతారు. రెండో పక్క మీటరు ముల్లు కదలకపోతే రాయి గట్టిదన్నమాట. పరీక్షకు కొండలో వేసిన ఒకే బొరియ నుంచి తెచ్చినవి ఇప్పటికి పదకొండు ముక్కలు చూశారు. రోజంతా కూర్చున్నా ఒక్క ముల్లూ కదల్లేదు. చలమయ్య గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపోతున్నాడు.

పన్నెండో ముక్కను అతను టీకి వెళ్లినప్పుడు ఇంజనీరు సత్యశ్రీ తానే బిగించేసింది.

తిరిగొచ్చేసరికి ముల్లు పైకి లేస్తోంది. ఆగింది. మళ్లీ లేచింది. నిద్రపోయేవాడి రొమ్ములాగ.

"ఎక్కడో కారతన్నాది బాబాయ్," అంది సత్యశ్రీ.

బిగింపులన్నిటికీ సబ్బునీళ్లు రాశారు. ఒక్క బుడగ రాలేదు. రాయి తీసి అదే కొలత ఇనపముక్క పెట్టారు. ముల్లు చచ్చినట్టు పడుంది. రాయి పెట్టారు. మళ్లీ లేచింది.

"అన్నీ ఒక్క బొరియలోవే కదా. ఇదొక్కటే ఏటిలా సేత్తన్నాది?"

చలమయ్య యంత్రం దగ్గరకొచ్చాడు. "దీనికి నూనె రాయనేదమ్మా. ఓపాలి తీసియ్యి, రాసిత్తాను."

"నూనేటి?"

"ఆముదం. అమ్మోరి కొండ కదా. ఒట్టి రాయిని మిసన్లో ఎడితే తల్లికి కోపం రాదేటి? అన్నిటికీ రాసీ ఇచ్చాను. నీకు మరకవుద్దని బాగా తుడిసీసీవోడిని."

సత్యశ్రీ కుర్చీలో కూలబడింది.

"రాయిలో ఎంటుక కన్నా సన్నటి దార్లుంటాయి. నీ ఆముదం ఎల్లి అందులో కూకుంది. తల్లి నోరు మూసీసావు బాబాయ్."

ముల్లు ఇంకా లేస్తూనే ఉంది.

"రిపోర్టు రేపెల్లిపోవాల," అంది తల దించుకునే. "ఇదొక్కటీ పగిలిన ముక్కని సెప్పి పక్కనెట్టేత్తే నీ పేరు బయటకి రాదు. ఏటంటావ్?"

చలమయ్యకు హేమశ్రీ పొయ్యి దగ్గర కూర్చోవడం కళ్ల ముందు కదిలింది.

"అన్నీ కడిగీమ్మా. ఉజ్జోగం పోతే పోనీ."

రిపోర్టు ఆపి, పదకొండు ముక్కల్నీ మందులో నానబెట్టి నూనె లాగేశారు. పొయ్యి పెట్టెలో ఆరబెట్టారు. వారం పోయాక ఒక్కొక్కటే బిగించారు. చలమయ్య వేలు కూడా తగలనివ్వలేదు. మొదటిదానికి ముల్లు లేచింది. రెండోదానికీ లేచింది. పదకొండోది బిగించేటప్పుడు అతను గోడవైపు తిరిగి నిలబడ్డాడు. "ఇదీ లెగిసింది బాబాయ్," అంది వెనక నుంచి సత్యశ్రీ.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి, పొయ్యి ముట్టించబోతున్న హేమశ్రీ చేతిలోంచి అగ్గిపెట్టె తీసేసుకున్నాడు. కొండను ఇంకా తొలవలేదని, లోపల గ్యాసు లేదని అతనికి తెలుసు, అయినా.

"ఏటి నాన్నా?"

"ఉండమ్మా," అన్నాడు, కొండవైపు గోడకు చెవి ఆనించి.