బ్లోయర్ నడుస్తోంది

చంద్రమౌళిని చూసిన మొదటి నిమిషం నుంచే నాకు ఒళ్లు మంట. సూళ్లూరుపేట నుంచి నన్ను పిలిపించింది కంప్యూటర్ చూడమని కాదు, తను పెర్ల్ భాషలో రాసిన స్క్రిప్టులో తప్పు లేదని చెప్పమని.

సముద్రం ఒడ్డున రొయ్య పిల్లలను పెంచే హేచరీ అది. ట్యాంకుల్లోకి గాలి కొట్టే బ్లోయర్‌ను కంప్యూటర్లో ఒక ప్రోగ్రాం నడుపుతుంది. ఆ ప్రోగ్రాం నడుస్తోందో లేదో చూసి ఫోన్లకు మెసేజ్ పంపడం స్క్రిప్టు పని. మొన్న తెల్లవారకముందు ఆ ప్రోగ్రాం ఆగి, దాంతో బ్లోయర్ ఆగిపోయి సగానికి సగం పిల్లలు చచ్చిపోయాయి. కాపలా ఉన్న చెంచమ్మ నిద్రపోయిందని మేనేజరు చంద్రమౌళి తేల్చేశాడు. యజమాని సుధాకర్ ఆమెను పనిలోంచి తీసేయబోతున్నాడు.

"బుడగలు ఆగంగానే ఈ సారుకు ఫోన్ చేసినానయ్యా," అంది చెంచమ్మ. "నడస్తా ఉందని మెసేజ్ వచ్చింది, పోయి పడుకోమన్నాడు. స్విచ్చి పెట్టెకు ఆయనే తాళమేసుకుని పోతే నేనేం చేసేది?"

"అన్నీ చచ్చినాక లేచి చేసింది ఫోను," అన్నాడు చంద్రమౌళి. "నా స్క్రిప్టు అబద్ధం చెప్పదు మేడమ్."

స్క్రిప్టు తెరిచి తల పట్టుకున్నాను. నడుస్తున్న ప్రోగ్రాములన్నీ చూపించమని పీఎస్ కమాండును అడిగి, వచ్చిన వరసల్లో బ్లోయర్ పేరును గ్రెప్ అనే ఇంకో కమాండుతో వెతికిస్తున్నాడు. వెతికే గ్రెప్ కూడా నడుస్తున్న ప్రోగ్రామే, ఏం వెతకాలో దాని వరసలోనూ రాసి ఉంటుంది కాబట్టి అక్కడా ఆ పేరు ఉంటుంది. అసలుది చచ్చినా ఇది తన్ను తానే చూసుకుని ఉందంటుంది. క్లాసులో ఒక్కరూ లేకపోయినా హాజరు పిలిచే మాస్టారే 'ప్రెజెంట్ సార్' అనుకున్నట్టు. ఇలాంటిది రాసినవాడికి ఇంకొకరి పొట్ట కొట్టేంత పొగరు ఎక్కడిదో నాకు అర్థం కాలేదు.

"సుధాకరన్నా, ఫోను చూస్తా ఉండండి," అని ప్రోగ్రామును ఆపేశాను.

మోత ఆగింది. ట్యాంకుల్లో బుడగలు ఆగిపోయాయి. కాసేపటికి సుధాకర్ ఫోను మోగింది. మెసేజ్‌ను ఆయన పైకే చదివాడు. "బ్లోయర్ నడుస్తోంది."

చంద్రమౌళి ట్యాంకులోకి తొంగిచూసి కంగారుపడ్డాడు. "ఆన్ చెయ్యండి మేడమ్, ఉండే పిల్లలు కూడా చస్తాయి."

"నడస్తా ఉందని మెసేజ్ వచ్చింది గదా సార్. పోయి పడుకోండి," అన్నాను.

ఆయన ముఖం మాడిపోయింది. నాకు కడుపు నిండింది. అప్పుడు ప్రోగ్రామును మళ్లీ మొదలుపెట్టాను. సుధాకర్ ఎవరి వైపూ చూడకుండా, ఎప్పటిలాగే పనికి రమ్మని చెంచమ్మతో అన్నాడు.

ఆమె కదలలేదు. "నిద్రపోయినానని ఊరంతా చెప్పినాడయ్యా. కాదని ఆయన నోటితోనే చెప్పమనండి. అప్పుడొస్తా."

చంద్రమౌళి ట్యాంకు వైపు తిరిగి బుడగలు చూడసాగాడు. నేను లేచి, నా కుర్చీ ఆమెకు జరిపి, ఆయన చెప్పేదాకా కూర్చోమన్నాను.