నాలుగు వేళ్ళ గుడ్డ

వినోద ఎడమ చంక కుట్టు పూర్తిచేసి దారం పళ్ళతో కొరికింది. కత్తెర బల్ల మీదే ఉంది. కానీ దాన్ని అందుకోవాలంటే ముందుకు వంగాలి, వంగితే పొట్ట మిషన్‌కు ఒత్తుకుని ఊపిరి బిగబడుతుంది. స్టూలు మీద కూర్చోవడం ఆమె ఎప్పుడో మానేసింది. రెండు స్టూళ్ళు ఒకదాని వెనక ఒకటి విరిగాక, రైసుమిల్లులో హమాలీ పనిచేసే భర్త ముత్యం ఎక్కడినుంచో ఒక మొద్దు దొర్లించుకొచ్చి మిషన్ ముందు వేశాడు. మొద్దు విరగదు. మనిషి లేచినప్పుడు కిర్రుమనదు కూడా. వెనకటికి ఆ కిర్రుకే వచ్చిన ఆడవాళ్ళు పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్ళు.

మంథనిలో బస్టాండుకు పోయే సందులో, ఇంటి ముందటి గదే ఆమె దుకాణం. బోర్డు లేదు, దాని అవసరమూ పడలేదు. వినోద కుట్టిన రైక పదేళ్ళు ఆగుతుందని చుట్టుపక్కల ఊళ్ళలో పేరు. దారం గట్టిదని కాదు. వేరే దర్జీలు పక్క కుట్టుల్లో రెండు వేళ్ళ గుడ్డ లోపలికి మలిచి వదిలితే వినోద నాలుగు వేళ్ళు వదులుతుంది. ఒళ్ళు వచ్చినకొద్దీ ఒక్కో కుట్టు విప్పుకుంటూ పోవచ్చు. పెళ్ళయిన పిల్లలు, బాలింతలు, చీటికీమాటికీ పుట్టింటికి పోయి తిని వచ్చే కోడళ్ళు, అందరి ఒళ్ళూ పెరగడమే ఆమె చూసింది. తరగడం చూడలేదు.

ఇవాళ మిషన్ మీద ఉన్నది తరగబోయే మనిషి జాకెట్. పక్కింటి జమునది. మామిడాకు రంగు పట్టుముక్క. సాయంత్రం బస్సుకు జమున కరీంనగర్‌లో చెల్లెలి ఇంటికి పోతుంది. ఎల్లుండి ఆమెకు లావు తగ్గే ఆపరేషన్.

పొద్దున ముత్యం సద్దన్నం తింటూ ఆ మాటే తీశాడు.

"జమున సగమైతదంట గదా. తేరుకున్నంక మొగడు మల్లేష్ మస్కట్ పిలిపించుకుంటడంట."

ఆ తర్వాత పెళ్ళాం వైపు ఒకసారి చూశాడు. ఇంకేదో అనబోయి, తొక్కు వేయమన్నాడు. అనకుండా మింగిన ఆ మాట వినోద గొంతులో చేపముల్లులా గుచ్చుకుని ఉంది. అన్నా బాగుండేది, నాలుగు తిట్టి దులుపుకునేది.

ఈర్ష్య అనే మాట వినోద ఎన్నడూ తన గురించి అనుకోలేదు. పక్కింట్లో ఫ్రిజ్జు వచ్చినప్పుడు, మేడ లేచినప్పుడు, మల్లేష్ పంపిన బంగారు గొలుసు జమున మెడలో మెరిసినప్పుడు ఆమెకు కడుపు మండలేదు. ఇప్పుడు మండుతోంది. నిద్రలో జమునకు ఊపిరి ఆగుతోంది, షుగర్ ఎన్ని గోళీలకూ దిగడం లేదు, మోకాళ్ళు మెట్టు ఎక్కనీయడం లేదు. రోగంతో ఆస్పత్రికి పోయే మనిషిని చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం పాపమని వినోదకు తెలుసు. తెలిసే పోసుకుంటోంది. తనకు షుగర్ లేదు, బీపీ లేదు, ఉన్నది లావు ఒక్కటే. లావుకు మాత్రమే ఎవరు కోస్తారు?

జమున ఈ సందులోకి కొత్త కోడలుగా వచ్చినప్పుడు వెదురుబద్దలా ఉండేది. వినోద అప్పటికే ఇప్పటంత. ఆమె పుట్టడమే బొద్దుగా పుట్టింది, పెళ్ళిలో పీటల మీద కూర్చోగానే అత్తగారు పెట్టిన రైక చంక దగ్గర పర్రుమని చినిగింది. చినిగిన వైపు చెయ్యి ఎత్తలేక తలంబ్రాలు ఒక్క చేత్తోనే పోసింది. ఆ రైక చినిగిన చప్పుడుకే ఆమె మిషన్ నేర్చుకుంది, నాలుగు వేళ్ళ గుడ్డ కూడా అప్పటి నుంచే.

రెండో కాన్పు తర్వాత జమునకు ఒళ్ళు రావడం మొదలైంది. కుట్టు మీద కుట్టు విప్పుకుంటూ విప్పుకుంటూ, ఒకనాటికి ఆమె కొలతా వినోద కొలతా ఒక్కటై కూర్చున్నాయి. ఆ రోజు ఇద్దరూ కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వారు. అప్పటి నుంచి ఇద్దరికీ ఒకటే ఆది జాకెట్, ఆకుపచ్చ నూలుది, జమునది. గోడకు మేకు మీద ఉంటుంది. దాన్ని చూసే జమునవీ కుడుతుంది, తనవీ కుట్టుకుంటుంది. వినోద తన ఒంటికి టేపు పెట్టుకుని ఎన్నేళ్ళయిందో.

పెళ్ళిళ్ళలో ఇద్దరూ వెనక వరసలో పక్కపక్కన కూర్చునేవాళ్ళు. బస్సులో ముగ్గురి సీటు ఇద్దరికీ సరిపోయేది, కండక్టర్ ఏమన్నా అంటే ఇద్దరూ కలిసి కడిగేసేవాళ్ళు. ఫోటోకు పిలిస్తే ఒకరి వెనక ఒకరు దాక్కోబోయేవాళ్ళు, ఎవరూ దాగేవాళ్ళు కాదు. సందులో ఇద్దరు లావు మనుషులుంటే అది నవ్వులాట. ఒక్కతే మిగిలితే అదే వెక్కిరింత అవుతుంది. వినోద భయం అంతా అదే.

ఈ పట్టుముక్క తెచ్చిన రోజున జమున దాంతో పాటు తన పెళ్ళినాటి రైక తెచ్చింది. అది చిన్నపిల్ల చొక్కాలా ఉంది.

"దీని ఆదికి కుట్టు వదినే. ముందు నా కండ్ల ముందట ఏలాడేసుకుంట. దాన్ని చూస్కుంటనే ఆకలి ఆపుకుంట."

"లోపల ఏం చేస్తరే నీకు?"

"పొట్టను కోసి అరటిపండంత ఉంచి కుట్టేస్తరట."

"కోసిన ముక్క?"

"పారేస్తరు."

"మలిచి లోపట్నే కుట్టరా? మల్ల ఎప్పుడన్న పనికొస్తది గదా."

జమున పకపకా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "మలిస్తే మేం ఇప్పుకుంటమని డాక్టర్‌కు ఎర్కే" అంది. "నువ్వు సుత దీంట్ల గుడ్డ వదలకు వదినే. ఇప్పుకునే తొవ్వ ఉంటే నేను ఇప్పుకుంట. నా సంగతి నాకు తెల్వదా?"

వినోద తలూపింది. మనసులో మాత్రం, తనకు వెనక్కి పోయేందుకు ఒక పెళ్ళినాటి రైక కూడా లేదు కదా అనుకుంది. జమున వచ్చిన చోటికే పోతోంది. తను ఎక్కడికి పోవాలి?

ఆ తర్వాత జమున చిన్న స్టీలు గిన్నె, చెంచా కొనుక్కుంది. ఒక్కో ముద్దా పాలయ్యేదాకా ఓపిగ్గా నమలడం, తినేటప్పుడు నీళ్ళు ముట్టకపోవడం నేర్చుకుంది. ఆపరేషన్ దగ్గరపడ్డాక డాక్టర్ అన్నం మానిపించాడు. పొడి కలిపిన పాలు, పలుచని మజ్జిగ, పప్పుకట్టు. సరిగ్గా అప్పుడే ఒక సాయంత్రం వినోద సర్వపిండి చేసింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు దండిగా వేసి, గంజు లోపలి అంచులకు వత్తి, ఎర్రగా కాలనిచ్చింది. వాసన పక్కింటికి పోవాలనే కిటికీ తీసింది. జమున వచ్చి కూర్చుంది. వినోద తింటుంటే చూసింది. మజ్జిగ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కొద్దికొద్దిగా తాగింది. ఒక్క పెళ్ళ కూడా తుంచుకోలేదు. ఆ రాత్రి వినోదకు అరగలేదు.

ఇవాళ మధ్యాహ్నం దాకా ఆమె చేతులు తమ పని తాము చేసుకుపోయాయి. మెడ తిప్పింది, హుక్కులు కుట్టింది, కాజాలు తీసింది. పక్క కుట్టు దగ్గరికి వచ్చేసరికి ఆగింది. గుడ్డను రెండు వేళ్ళు మలిచింది. చూసింది. ఇంకో రెండు వేళ్ళు మలిచింది. 'ఉండనీయ్, ఏం పోతది' అని గొణిగింది. మనిషి మనిషే గదా, ఏడాదికో రెండేళ్ళకో నోరు ఊరుతుంది, ఒళ్ళు వస్తుంది, అప్పుడు ఈ జాకెట్ పట్టుకుని ఈ గడప తొక్కుతుంది. తను ఏమీ అనకుండా కుట్టు విప్పుతుంది. ఆ రోజును తలుచుకుంటే వినోదకు పొద్దటి నుంచి మొదటిసారి హాయిగా ఉంది. రెండు వైపులా నాలుగేసి వేళ్ళు వదిలి గట్టిగా కుట్టేసింది.

ఎండ వాకిలి దాటాక జమున బ్యాగుతో వచ్చింది. వినోద ముందుగా చూసింది ఆమె గాజులను. ఎప్పుడూ కండలో దిగబడి ఉండేవి, చెయ్యి దించగానే మణికట్టు దాకా జారాయి. ఇంకా కత్తి తగలకముందే జమున తరిగిపోవడం మొదలైంది.

"అయ్యిందా వదినే? వెంకటి ఆటో తెస్తుండు."

వినోద జాకెట్ ఇచ్చింది. ఇక్కడి ఆడవాళ్ళు ఎవరూ జాకెట్‌ను పై నుంచి చూడరు. జమున కూడా తీసుకున్న వెంటనే లోపలిది బయటికి తిప్పింది. పక్క కుట్టు మీద వేళ్ళు పెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"గుడ్డ వదిలినవు."

వినోద కింద పడని దారం ఉండను వెతకసాగింది.

"నేను మల్ల రావాల్నని వదిలినవా, మల్ల లావు కావాల్నని వదిలినవా?"

సందు చివర ఆటో హారన్ మోగింది. అబద్ధం చెప్పుకోవడానికి జమున చాలినంత సమయం ఇచ్చింది. వినోద వాడుకోలేదు.

"రెండింటికి" అంది.

జమునకు కోపం రాలేదు. వస్తే వినోద తట్టుకునేది. "సర్వపిండి చేసిననాడే అనుకున్న" అని, జమున బల్ల మీది కత్తెర తీసి ఆమె చేతిలో పెట్టింది. "నువ్వే కోయి. నేను కోస్తే కుట్టు తెగుతది."

"ఒక్కదాన్నే అయిత జమునా" అంది వినోద. "వాడకట్టుల అందరు నన్నే చూస్తరు."

"నేను సుత ఒక్కదాన్నే పోతున్న గదనే" అంది జమున. "ఆ గిన్నెడు తిండి ముంగట ఒక్కదాన్నే కూసోవాలె, బతికినన్నొద్దులు. నీతోని కూసోని కడుపునిండ తినుడు ఇగ అయిపాయె. నాకు మస్తు భయమైతుంది వదినే."

వినోద కోసింది. అలవాటైన చెయ్యి అది. కుట్టు పక్కన అర వేలు మాత్రం ఉంచి, రెండు వైపులా మామిడాకు రంగు పట్టీలను వేరు చేసింది. మనిషి పెరగడానికి చోటు లేకుండా ఆమె కుట్టిన మొదటి జాకెట్ అది. జమున ఒక పట్టీ తీసుకుని, లాగే పిడి ఊడిపోయిన బ్యాగు జిప్పుకు ముడివేసి, లాగి చూసింది. జిప్పు పడింది.

"ఆది తీస్కపోతవా? నీదే గదా" అని వినోద మేకు వైపు చూపించింది.

"నాకెందుకు వదినే? అది ఇగ నీదే."

పొడవాలని అన్న మాట కాదు. అయినా పొడిచింది.

వినోద గుమ్మం పట్టుకుని నిలబడి చూసింది. జమున ఎక్కగానే ఆటో ఎప్పటిలాగే ఒక పక్కకు ఒరిగింది. అది చూసి తనకు కొంచెం ఊరట కలిగినందుకు వినోద సిగ్గుపడింది. ఆటో బస్టాండు వైపు తిరిగింది. జమున చెయ్యి బయటికి పెట్టి ఊపింది, గాజులు మోచేతి దాకా జారాయి.

లోపలికి వచ్చి ఆమె మొద్దు మీద కూర్చుంది. రేపు ఇయ్యాల్సిన జాకెట్లు నాలుగున్నాయి. ముందుగా తనకొకటి కుట్టుకోవాలనిపించి మేకు మీది ఆది తీసి, లోపలిది బయటికి తిప్పింది. విప్పిన ప్రతి కుట్టు దగ్గరా సూది బెజ్జాల వరస అట్లాగే నిలిచి ఉంది, ఒకదాని పక్కన ఒకటి, జమున ఒళ్ళు చేసిన ఏళ్ళన్నీ. అంచు దగ్గర విప్పుకోవడానికి ఇంకా ఒక వేలెడు గుడ్డ మిగిలే ఉంది.