కొట్టం వైపు పడిన వేప

పసుపు రాసి దణ్ణం పెట్టిన చెట్టు మీద గొడ్డలి వేయొచ్చా అన్న అనుమానం పున్నమ్మను నెలల తరబడి పట్టుకుని ఉంది. గుడి పూజారిని అడిగితే, ప్రాణానికి ముప్పున్నప్పుడు దోషం లేదన్నాడు. పురాణం చెప్పే పెద్దాయనను అడిగితే, ముప్పున్నా లేకపోయినా దోషమేనన్నాడు. ఇద్దరూ దేవుడి పక్కన నిలబడి మాట్లాడేవాళ్లే. మరి దేవుడు వీళ్లిద్దరిలో ఎవరి పక్కన ఉన్నట్టు అని ఆమె లోపలే అనుకునేది గానీ పైకి అనేది కాదు.

ఆ చెట్టు వాళ్ల దొడ్డిగోడ పక్కనున్న వేప. పున్నమ్మ అత్తమామలు కృష్ణా జిల్లా నుంచి ములకలపల్లి వైపు వచ్చి పొలం కొన్ననాటికే అది పెద్ద చెట్టు. శుక్రవారం శుక్రవారం దాని మొదట్లో నీళ్లు పోసి బొట్టు పెట్టడం అత్తగారు నేర్పిన పని. మిర్చి బాగా పండిన ఒక ఏడు, పున్నమ్మ భర్త చెంచురామయ్య భక్తి కొద్దీ మొదలు చుట్టూ సిమెంటు గద్దె కట్టించాడు.

గోదావరి ఊళ్లను ముంచేసిన ఆ వానాకాలంలో గాలికి వేప ఒక పక్కకు ఒరిగింది. ఒరగడం కూడా గోడ అవతల నాంచారమ్మ గది మీదికే ఒరిగింది. నాంచారమ్మ మొగుడు వెంకన్న బొగ్గుబాయిలో పనిచేసి పోయినవాడు. ఆ ఒక్క గదికీ ఆమె ఈ మధ్యే కొత్త సిమెంటు రేకులు వేయించుకుంది.

ఎండలు ముదిరాక పున్నమ్మ గోడ దగ్గర నిలబడి మాటిచ్చింది.

"నాంచారమ్మా, వానలు పడేలోపు చెట్టు దింపిస్తాను. నీ రేకు ఒక్కటి కూడా పగలదు."

"నాకు చెప్పినవు, మంచిదే వదినె. చెట్టుకు చెప్పినవా?" అంది నాంచారమ్మ.

కొత్తగూడెం నుంచి కోతమిల్లు మేస్త్రీ వచ్చి చూసిపోయాడు. అటు ఒరిగింది కాబట్టి అటే పడుతుందనీ, ముందు ఆమె రేకులు విప్పించాలనీ, విప్పేటప్పుడు పగిలితే తనకు సంబంధం లేదనీ చెప్పాడు. చెంచురామయ్య తల ఊపాడు. పున్నమ్మ ఊపలేదు.

"మన చెట్టు కోసం ఆవిడ ఇల్లు విప్పడమేమిటండీ?"

"మరి ఎవరు కొడతారే, నువ్వు కొడతావా?"

"తండాలో పూలి ఉందిగా."

పూలి, ఆమె మొగుడు బిచ్యా సర్కారు కలప నరికించే అడవి కూపుల్లో చెట్లు కొడుతూ పెరిగినవాళ్లు. చుట్టుపక్కల ఊళ్లలో ఇళ్ల మధ్య చెట్టు దింపాలంటే వాళ్లకే కబురు వెళ్లేది. బిచ్యాకు మాటలు తక్కువ. ఆ లోటు పూలి తీర్చేది. వస్తూనే చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, "నేను దింపలేని చెట్టు ఈ అడివిల ఇంక మొలవలే," అంది.

"గొప్పలు తర్వాత చెప్పు. రేకుల సంగతేంటి?" అన్నాడు చెంచురామయ్య.

"రేకులతోని నాకేం పగ పటేలా? ముందు ఈ గద్దె తీయించు."

గద్దె పగలగొట్టారు. లోపలినుంచి నల్లటి నీరు కారింది. గోడ వైపు బెరడు చేత్తో లాగితేనే ఊడి వచ్చింది. దాని వెనక చెక్క తడిసిన అటుకుల్లా మెత్తగా ఉంది. కురిసిన ప్రతి వానా, పోసిన ప్రతి శుక్రవారం నీళ్లూ సిమెంటుకూ బెరడుకూ మధ్య నిలిచిపోయాయి. చెంచురామయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"దేవుడి పేరు మీదే కదా కట్టించాను," అన్నాడు.

"కట్టినోనివి నువ్వే గని పటేలా, లోపల ఊపిరాడంది దానికి," అంది పూలి. తర్వాత పున్నమ్మ వైపు తిరిగింది. "అమ్మా, కొమ్మలైతే మోకులు కట్టి దింపుతం. మొద్దును మీద మీదనే ముక్కలు కొయ్యరాదు. ఆ అదురుకు ఈ మొదలు ఆగదు. దొడ్డి ఆ చివర్ల ఉన్న చింతచెట్టుకు మోకు చుట్టి ఇటు గుంజాలె. ఇటు గుంజితే అది పడేది మీ కొట్టం మీద. ఇంకో జాగ లేదు."

"వానలకు గొడ్లను ఎక్కడ కట్టుకోను?" అన్నాడు చెంచురామయ్య.

పున్నమ్మ కొట్టం వైపు చూసింది. మామగారు నిలబెట్టిన నిట్రాళ్లు, ఆమె చేతులతో అలికిన నేల.

"కొట్టం మనది. ఇచ్చిన మాటా మనదే," అని తనే వెళ్లి గొడ్లను విప్పి చింతకింద కట్టేసింది.

ఆ సాయంత్రం పూలి చెట్టు మొదట్లో చెంబుడు నీళ్లు చల్లి, తన భాషలో ఏదో చెప్పింది. ఏం చెప్పావని పున్నమ్మ అడిగింది.

"పొద్దుగాల కొడతం, పిట్టలుంటే, పురుగులుంటే, ఇంకెవలన్న ఉంటే జరగుండ్రి అని చెప్పిన."

"ఇంకెవరన్నా అంటే? దేవుడా?"

"ఉంటే ఆయనకు గూడ చెప్పినట్టే. చెప్పకుంట కొడితే తప్పు. చెప్పి కొడితే ఏంది?"

పూజారీ పెద్దాయనా చెట్టు గురించి చాలా చెప్పారు గానీ, చెట్టుతో చెప్పమని ఇద్దరిలో ఎవరూ అనలేదు. పున్నమ్మ ఆఖరుసారి బొట్టు పెట్టి లోపలికి వచ్చేసింది. అనుమానం పూర్తిగా తీరిందని కాదు, నిద్ర మాత్రం పట్టింది.

తెల్లవారి బిచ్యా పైకెక్కాడు. నాంచారమ్మ వైపు కొమ్మలు ముందు తెగాయి. తెగిన ప్రతి కొమ్మా మోకుకు వేలాడి, రేకుల పక్కనుంచి మెల్లగా జారి నేలకు దిగింది. పూలి కింద నిలబడి మోకు వదులుతూ, బిగిస్తూ, మొగుణ్ణి తిడుతూ ఉంది. ఊళ్లో సగం మంది గోడ మీదే ఉన్నారు. బోసి మొద్దు మిగిలాక పూలి వాళ్ల వైపు తిరిగింది.

"చూసేటోళ్లు ఇటొచ్చి మోకు పట్టుండ్రి. లేకుంటే ఇంటికి పోయి చాయ తాగుండ్రి."

అందరికంటే ముందు మోకు పట్టింది చెంచురామయ్య.

కొట్టం వైపు గాటు పెట్టి, వెనకనుంచి రంపం వేశారు. మొద్దు ఒక్క క్షణం ఎటూ తేల్చుకోనట్టు నిలబడింది. తర్వాత మోకు మాట విని ఇటు తిరిగింది. కొట్టం కప్పూ గోడలూ పెద్ద చప్పుడుతో కూలాయి, పెంకులు పిండి పిండి అయ్యాయి. దుమ్ము అణిగాక అందరి కళ్లూ గోడ అవతలికి వెళ్లాయి.

"నీ రేకులు ఎంచుకో నాంచారమ్మా," అంది పూలి నడుం మీద చేతులు పెట్టుకుని.

"ఎంచేదేముంది. ఉన్నయి ఉన్నట్టే ఉన్నయి," అంది నాంచారమ్మ. ఆ మాట విన్నప్పుడు పున్నమ్మ కూలిన తన కొట్టం ముందు నిలబడి ఉంది. అయినా ఆమె తల అంత నిటారుగా ఎప్పుడూ లేదని చూసినవాళ్లు చెప్పుకున్నారు.

మోడును కూడా తవ్వించి పారేద్దామన్నాడు చెంచురామయ్య. పూలి ఒప్పుకోలేదు. కుళ్లిన చెక్కంతా గీకి, నీళ్లు నిలవకుండా మోడు పైభాగం ఏటవాలుగా చెక్కించింది. పేడా ఎర్రమట్టీ కలిపి మెత్తింది. మేకలు రాకుండా చుట్టూ ముళ్లకంప వేసింది.

"ఇటు పక్క గట్టిగనే ఉంది, చిగురు బోలెడు వస్తది. మంచి కొమ్మ ఒక్కటి ఉంచి మిగిలినయి గిల్లేయాలె. పాపమని అన్నీ ఉంచితే ఒక్కటీ చెట్టు కాదు. ఇంక గద్దె గిద్దె కడితే నన్ను పిలవకుండ్రి."

చెప్పినట్టే నెల తిరక్కముందే మోడు పక్కన ఎర్రగా చిగుళ్లు గుత్తులుగా లేచాయి. గిల్లడానికి చేతులు రాక పున్నమ్మ రెండు రోజులు వెనకాడి, మూడో రోజు గిల్లింది. కొట్టం గోడలు మళ్లీ లేచాయి. కప్పుకు పెంకులు చాలలేదు. ఈ ఏటికి తాటాకులు వేద్దామని మొగుడూ పెళ్లాం అనుకుంటున్నప్పుడు నాంచారమ్మ నెత్తిమీద గంపతో వచ్చింది.

"ఏంటివి?" అంది పున్నమ్మ.

"పెంకులు. మేము బాయికాడి నుంచి వచ్చి ఈడ గుడిసె ఏసుకున్ననాడు, కురుస్తుంటే మీ అత్త ఇచ్చింది. మళ్ల ఇస్తనన్నడు మా ఆయన. ఆమె పాయె, ఆయన పాయె. రేకులేసిననాడు దించి పక్కకు పెట్టిన. ఇంక రెండు గంపలున్నయి."

"అవి ఎప్పటివో నాంచారమ్మా. ఉంచుకో."

"నా మీద రేకులున్నయి, మీ గొడ్ల మీద ఏముంది? తీస్కో వదినె. మాట నీకొక్కదానికే ఉందా ఏంది?"

పున్నమ్మ దగ్గరకొచ్చి, గంపకు అటు చెయ్యి వేసి దింపించింది. చెంచురామయ్య నిచ్చెన తెచ్చాడు. పొద్దు వాలేసరికి కొట్టం చివరి వరస ఆ పాత పెంకులతోనే నిండింది.