కోడలు పలకని కొండ

కొండ ఎదుట అధికారి మళ్ళీ కొత్త బోర్డు పాతిస్తున్నాడు. దారి పక్కన పులిసిన గుర్రపు పాలు అమ్ముకునే జూరకన్ ఉసూరుమంటూ చూసింది. అత్తింటి మగవాళ్ళ పేర్లు కిర్గిజ్ కోడలి నోట రాకూడదు. మొదట ఏ నాయకుడి పేరు కొండకు పెట్టారో, ఆ ఏడు పుట్టిన ఆమె మామగారికీ అదే పెట్టారు. తర్వాత కొండ పేరు మార్చారు. ఆ కొత్త పేరు కాస్తా బావగారి పేరైంది.

“ఈసారి ఎవరి పేరు నాయనా?”

“కొత్త అధ్యక్షుడిది. అసన్‌కుల్ శిఖరం! ఏదీ, నువ్వూ అను అవ్వా.”

గుడారంలోంచి మొగుడు తల బయటపెట్టాడు. “నన్నెవరే పిలిచింది?”

జూరకన్ గరిటె కుండలో పడేసింది.

“నా ఖర్మ! మా పుట్టింటివాళ్ళ పేరున్న నాయకుడు ఒక్కడూ దొరకలేదా మీకు?”