ఆదివారపు మాత్ర

ఎముకలు గుల్లబారాయని హల్దిస్‌కు మొదట చెప్పింది డాక్టర్ కాదు, రెండేళ్ళ కిందటి మంచు. చలిదేశపు సముద్రతీరంలో వాళ్ళ ఊరు. వాకిట్లో ఉత్తరాల డబ్బా దాకా వెళ్ళి కాలు జారి చెయ్యి ఆనించింది. ఆ మాత్రానికే మణికట్టు విరిగింది. డాక్టర్ సిన్నోవ వారానికో మాత్ర రాసిచ్చింది. పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని, అరగంట సేపు నిటారుగా కూర్చోవాలి. ఆ అరగంటా ఇంకేమీ ముట్టకూడదు.

హల్దిస్ ఒక్క ఆదివారం కూడా తప్పలేదు. తీరా ఇప్పుడు మళ్ళీ స్కాన్ తీస్తే, తుంటి ఎముక మునుపటికన్నా పలచబడిందని తేలింది.

"మాత్ర దేంతో వేసుకుంటున్నారు?" అని అడిగింది సిన్నోవ.

"కాఫీతో."

సిన్నోవ పెన్ను కింద పెట్టింది.

"ఎముకలో రోజూ కొంత కూలుతుంది, కొంత కట్టుబడుతుంది. మీ వయసులో కూలేదే ఎక్కువ. దానికి అడ్డం పడేదే ఈ మాత్ర. కాఫీతో వేసుకుంటే ఒంటికి పట్టదు. రెండేళ్ళూ బూడిదలో పోసిన పన్నీరే. ఈసారి పడితే తుంటి విరుగుతుంది. తుంటి విరిగిన పెద్దవాళ్ళు నలుగురిలో ఒకరు ఏడాది తిరిగేసరికి ఉండరు. కాగితంలో రాసుందిగా, చదవలేదా?"

"చదివాను. మా ఆయన స్వెర్రె మంచం దగ్గరికే కాఫీ తెస్తాడు."

సిన్నోవ కూడా ఆ తీరంలో పుట్టి పెరిగిన పిల్లే కాబట్టి ఇంకేమీ అడగలేదు.

ఫెర్రీ ఉద్యోగం నుంచి రిటైరైన నాటి నుంచీ, పన్నెండేళ్ళుగా, స్వెర్రె పొద్దున ఏడింటికి భార్య మంచం పక్కన కప్పు పెట్టి మాట్లాడకుండా వెళ్ళిపోతాడు. పెళ్ళినాడు కూడా అంతకన్నా ప్రేమగా ఏమీ అనలేదు. వద్దంటే నొచ్చుకుంటాడు. మనిషిని నొప్పించడంకన్నా ఎముక విరగడమే మేలని అక్కడివాళ్ళ నమ్మకం.

కానీ ఈసారి హల్దిస్‌కు చావు భయం పట్టుకుంది. ఆదివారం ఏడింటికి కప్పు రాగానే నోరు విప్పింది.

"ఇవాళ వద్దు. మాత్ర కాఫీతో వేసుకోకూడదట."

"తెలుసు," అన్నాడు స్వెర్రె.

"ఎప్పట్నుంచి?"

"మొదటి వారం నుంచే. కాగితం చదివాను."

"మరి చెప్పొద్దూ?"

"నీ మందు, నీ ఇష్టం. మధ్యలో నేనెవర్ని? తాగుతున్నావు కదా అని తెచ్చాను."

"తెస్తున్నావు కదా అని తాగాను."

ఇద్దరూ కప్పు వైపు చూశారు. హల్దిస్‌కు ఒళ్ళు మండింది. రెండేళ్ళ ఎముక మర్యాదల కింద పోయింది. అరుద్దామనుకుంది గానీ అలవాటు లేక నోరు పెగల్లేదు. స్వెర్రె కప్పు తీసుకెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చాడు. ఆమె మాత్ర మింగి నిటారుగా కూర్చుంది. అతను మంచం చివర కూర్చున్నాడు. అరగంట ఎదురెదురుగా కూర్చోవడం వాళ్ళకు చిన్న విషయం కాదు.

"పడతానేమోనని భయంగా ఉంది," అంది చివరికి.

"నాకూ. అందుకే రెండు చలికాలాలుగా నీ వెనకే నడుస్తున్నాను."

మోకాళ్ళ నొప్పితో వెనకబడుతున్నాడని ఆమె ఇన్నాళ్ళూ జాలిపడింది.

"వెనకుండి ఏం చేస్తావు?"

"నువ్వు పడితే కింద నేనుందామని."

స్వెర్రెకు డెబ్బై తొమ్మిదేళ్ళు. హల్దిస్ అతని మణికట్టు చేతిలోకి తీసుకుంది. అది తన మణికట్టు కన్నా సన్నగా ఉంది.

"రేపు నీకూ స్కాన్ రాయించుకుందాం," అంది.