చిన్నప్పట్నుంచీ ఉన్న జబ్బు

మా అత్త వీరాయి నోట ఒక మాట మాత్రం రాదు. "నా కొడుకు బాగుండాడు" అనే మాట. ఎవరన్నా అడిగితే చాలు, "ఏం బాగు? చిన్నప్పట్నుంచీ వాడికి ఒళ్లు సరిలేదు" అంటుంది. పెద్దకొడుకు గుండ్రాయి మాదిరి ఉండాడని ఊరంతా చెప్పుకున్న నెలలోనే వాణ్ని జ్వరానికి పోగొట్టుకునిందంట. రెండోవాడికి దిష్టి తగలకూడదని అప్పట్నుంచీ ఇదే పాట. ఆ రెండోవాడే నా మొగుడు సంజీవి. సింగానల్లూరులో లేత్ మిషను పెట్టుకొని, జ్వరమని ఒక పూట పడుకోని మనిషి.

అట్లాంటి మనిషి పోయిన బుధవారం లేత్ ముందరే రొమ్ము పట్టుకొని కూలబడె. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు "ఇంతకుముందు ఏమన్నా ఉండిందా?" అని అడిగె. నేను నోరు తెరిచేలోపే అత్త అందుకునింది.

"చిన్నప్పట్నుంచీ వాడికి రొమ్మునొప్పే సామీ!"

ఆయన అట్లే రాసుకున్నాడు. అయ్యో కడవుళే! దిష్టి తప్పించబోయి కొంప ముంచింది.

మరుసటి దినమే ఇన్సూరెన్సువాళ్లు కుదరదన్నారు. పాలసీ తీసుకోకముందే ఉన్న జబ్బయితే మూడేళ్లు కాచుకోవాలంట. దాని పేరు వెయిటింగ్ పీరియడ్ అంట. మాకు రెండో ఏడే నడస్తా ఉంది. గుండె ఆపరేషనేమో ఆగేది కాదు.

"లేత్ అమ్మేద్దాం మాలినీ" అన్నాడు మా ఆయన పడకలోంచి.

"మీరు ఊరకే పడుకోండి. నా పాణం ఉండగా ఆ లేత్ మీద ఎవరు చెయ్యి వేస్తారో చూస్తాను" అంటిని. లేత్ పోతే ఈ మనిషి బతికి లేచినా బతికినట్లు కాదు. అది నాకు తెలుసు.

నేరుగా ఇన్సూరెన్సు ఆఫీసుకు పోతిని. "ఈ జబ్బు మొన్న వచ్చింది సార్. పాలసీ ఇచ్చేటప్పుడు మీ డాక్టరే గుండె పరీక్ష చేసి ఏమీ లేదన్నాడు. కొత్తగా వచ్చిన జబ్బుకు మూడేళ్లు ఏంటికి కాచుకోవాల?"

ఆ ఆఫీసరు నవ్వె. "తల్లే చెప్పింది కదమ్మా. తల్లికి తెలియదా?"

ఒళ్లు మండిపోయె. "తెలుసు. ఆ తల్లినే తీసుకొస్తాను, ఉండండి!"

అత్త ఒప్పుకుంటే కదా! "వాడు పడకలో ఉండగా బాగుండినాడనే మాటా? నా నోటితో నేనే చంపుకోవాలనా? చెప్పను, పోవే!"

"అత్తా, దిష్టి తగిలితే ఉప్పు తిప్పుతాం, మిరపకాయలు కాలుస్తాం. ఆపరేషన్ ఆగితే దేన్ని తిప్పాల?" అని అరిస్తిని. అరస్తానే ఏడుపొచ్చింది. అత్త లేచి చెప్పులు వేసుకునింది.

ఆఫీసులో కూర్చోమన్నా కూర్చోలేదు.

"రాసుకో సామీ. నా కొడుకు సంజీవి బాగుండినాడు. ఇన్నేళ్లూ గుండ్రాయి మాదిరి ఉండినాడు. మొన్నటిదాకా ఒక్క దినం రొమ్మునొప్పి అన్నవాడు కాదు. దిష్టికి భయపడి నేనే అబద్ధం చెప్తిని."

"ఇది మేం పరిశీలించి..." అని ఆయన నసిగె.

"పరిశీలించండి. మీ డాక్టరు చేసిన పరీక్షా ఉంది, తల్లి మాటా ఉంది. తేలేదాకా ఈడనుంచి కదిలేది లేదు" అని నేను కుర్చీ లాక్కొని కూర్చుంటిని.

ఆయన లోపలికి పోయె, ఆసుపత్రికి ఫోన్ చేసె, మళ్లీ లోపలికి పోయె. చివరికి బయటికొచ్చి, "డాక్టరు సరిచేసి రాసిచ్చినారు అవ్వా. ఆపరేషన్‌కు అనుమతి పంపిస్తా ఉన్నాం" అన్నాడు.

"నిజంగానా? ఇంక మార్చరు కదా?"

"మార్చం."

అప్పుడు అత్త రెండు చేతులూ ఎత్తి, వేళ్లు మడిచి తన కణతలకే ఆనించుకొని పటపటా విరిచింది.

"పడేదేదో ఇంక నా మీద పడనీ" అనింది.