కోటు చేతి మీద పదకొండుసార్లు

పొద్దున్న ఏడింటికల్లా లాండ్రీ షట్టరు పైకి లేచేది. నాన్న యంత్రాల్లో బట్టలు వేసేవాడు, అమ్మ ఆరినవి తీసి నాన్న ఇస్త్రీకని విడదీసేది. తెల్లబట్టల్ని మాత్రం వెలుతురుకి పట్టి మరోసారి చూసేది, కూతురు అమ్మలు రాత ఏమైనా పడిందేమోనని.

అమ్మలు వాళ్ల ఒక్కగానొక్క కూతురు. పన్నెండేళ్లది. బళ్లో తను రబ్బరుతో చెరిపేసిన అక్షరాలన్నీ ఇక్కడికొచ్చి, ఉతికిన తెల్లబట్టల మీద లేత బూడిదరంగులో తేలేవి. మళ్లీ ఉతికితే పోయేవి. బట్టలిచ్చేవాళ్లకీ అది అలవాటైపోయింది. "పోయినవారం లెక్కలు వచ్చాయి, ఈసారి భూగోళం పడిందే" అంటూ చొక్కా అందుకునేవాడు బ్యాంకు గుమాస్తా. బేకరీ ఆయనైతే ఏప్రన్ మీది నదుల పేర్లు పైకే చదువుకుంటూ వెళ్లిపోయేవాడు.

అమ్మ బెంగ అక్షరాల గురించి కాదు, ఏ పరీక్షా పూర్తిచెయ్యని కూతురి గురించి. పది ప్రశ్నలిస్తే మూడు రాసేది. టీచరు రెండోసారి పిలిస్తేగానీ తలెత్తేది కాదు. స్నానానికి వెళ్తే గంట. "నీ ధ్యాసంతా ఎక్కడుంటుందే?" అంటే రబ్బరు గుప్పిట్లో దాచుకునేది. ఓపిక నశించి అమ్మ నాలుగు మాటలనేది, ఆనక తనే కుమిలిపోయేది.

ఆ గురువారం బడి నుంచి ఉత్తరం వచ్చింది. మీ అమ్మాయికి ధ్యాస నిలవని జబ్బు ఉన్నట్టుంది, సోమవారం నుంచి వేరే సెక్షన్‌కి మారుస్తున్నాం, మందులు వాడించండి అని.

"మందేస్తే తగ్గుతుందంటున్నారుగా, ఇప్పిద్దాం" అన్నాడు నాన్న.

"దేనికని ఇప్పిస్తాం? అసలు అదేం జబ్బో తేలాలి కదా" అంది అమ్మ.

మర్నాడు మధ్యాహ్నం డాక్టరమ్మ తన తెల్లకోటు తీసుకుపోవడానికి వచ్చింది. పక్కవీధి ఆసుపత్రిలో పిల్లల మనసుకి వైద్యం చేసే విభాగంలో కొత్తగా చేరిందావిడ. అమ్మ కోటు మడత విప్పి, "ఏమనుకోకండి డాక్టరుగారూ, మా అమ్మాయి రాత పడింది. ఇంకోసారి ఉతికిస్తాను" అంది.

డాక్టరమ్మ కోటు తన చేతిలోకి తీసుకుంది. కోటు కుడిచేతిని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చదివింది. 'మొక్కలు ఆకుల్లో ఆహారం తయారుచేసుకుంటాయి.' భుజం నుంచి మణికట్టు దాకా అదే వాక్యం. పదకొండుసార్లు. ఒక్క తప్పు లేదు.

"సరిగ్గానే రాసింది కదమ్మా. మరెందుకు చెరిపింది?"

అమ్మ గల్లాపెట్టె తెరిచింది. బడివాళ్ల ఉత్తరం తీసి చేతికిచ్చింది.

"ఇలాంటి ఇబ్బందులు రెండు రకాలు, బయటికి ఒకేలా కనిపిస్తాయి" అంది డాక్టరమ్మ, ఉత్తరం చదివి. "రెండు రకాల పిల్లలూ ఖాళీ పేపరే ఇస్తారు. కానీ ధ్యాస నిలవని పిల్ల రాస్తున్నది వదిలేసి ఇంకోదాని మీదకి పోతుంది. మీ అమ్మాయి వదల్లేకపోతోందేమో. కోటు చూసి జబ్బు పేరు చెప్పెయ్యకూడదనుకోండి. రేపు తీసుకురండి, మాట్లాడతాను."

శనివారం డాక్టరమ్మ ముందు అమ్మానాన్నలతో మాట్లాడింది, టీచరుకి ఫోన్ చేసింది, తర్వాత అమ్మలుతో ఒంటరిగా గంటన్నర కూర్చుంది. చివరికి అందర్నీ లోపలికి పిలిచింది.

"ఇష్టమైన కథల పుస్తకమైతే రెండు గంటలు కదలకుండా చదువుతుందట. చిన్నప్పుడు ఈ ఇబ్బందేం లేదన్నారు మీరు. చెరపకపోతే ఏమవుతుందని అడిగాను. అది మీకు తనే చెప్తానంది."

అమ్మలు ఒళ్లో చేతులు చూసుకుంటూ చెప్పింది. "తప్పు లేకపోయినా, అక్షరం సరిగ్గా కుదిరిందనిపించకపోతే నాన్న చెయ్యి ఇస్త్రీపెట్టె కింద పడి కాలిపోతుందనిపిస్తుంది. అలా అవదని తెలుసు. అయినా అనిపిస్తుంది. అందుకే కుదిరేదాకా రాస్తా. స్నానంలోనూ అంతే, చెంబుల లెక్క తప్పితే మళ్లీ మొదట్నుంచి."

నాన్న తన చేతులకేసి పరాయివాళ్లవి చూసినట్టు చూసుకున్నాడు. "ఎప్పట్నుంచి తల్లీ?"

"పోయినేడాది నుంచి."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే నిజమైపోతుందేమోనని."

అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "నేను బద్ధకం అనుకున్నానండీ" అంది.

"దీన్ని ఓసీడీ అంటారు, వద్దన్నా వచ్చే భయం, దాన్ని ఆపడానికి చేసిందే మళ్లీ మళ్లీ చెయ్యడం. ధ్యాస లేక కాదమ్మా, ఉన్న ధ్యాసంతా ఒక భయానికి కాపలా కాస్తోంది" అంది డాక్టరమ్మ. "దీనికి వైద్యం వేరు. తగ్గుతుంది."

ఏడాదిగా గుండెల మీదున్న బండరాయిని ఎవరో పక్కకి దొర్లించినట్టయింది అమ్మకి. డాక్టరమ్మ బడికి ఉత్తరం రాసింది. సెక్షన్ మారలేదు.

ప్రతి శనివారం ఆసుపత్రిలో అమ్మలు కావాలని ఒక అక్షరం వంకరగా రాసి, చెరపకుండా కూర్చోవాలి. మొదటిసారి కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది. పక్కన నాన్న ఉన్నాడుగానీ 'నాకేం కాదులే' అనకూడదని డాక్టరమ్మ ముందే చెప్పింది. భయం దానంతట అదే దిగడం పిల్ల చూడాలట. నోరు మెదపకుండా కూర్చోవడం ఆయనకి రోజంతా బట్టలుతకడం కన్నా కష్టమైంది. ఇరవై నిమిషాలకి అమ్మలు కుర్చీ అంచు వదిలింది. తర్వాతి వారం పదిహేనుకే వదిలింది. మధ్యలో రెండు వారాలు మళ్లీ మొదటికొచ్చింది, మళ్లీ సర్దుకుంది.

ఏడాది చివరి పరీక్షనాడు గంట కొట్టడానికి ఇంకా పది నిమిషాలుండగానే అమ్మలు బయటికొచ్చేసింది. గేటు దగ్గరున్న అమ్మ ఎదురెళ్లింది.

"అన్నీ రాశావా?"

"అన్నీ రాశా. రెండు తప్పులు పడ్డాయి" అంది అమ్మలు. "తెలిసింది. అయినా అలాగే వదిలేశా."

అమ్మ పిల్ల చేతిలోని పరీక్ష అట్ట అందుకుంది. ఇద్దరూ బడి గోడ నీడలో గట్టు మీద కూర్చున్నారు. అమ్మలు చెప్పులు విప్పేసి కాళ్లూపుకుంటూ, చాలాసేపు ఏమీ చెయ్యకుండా అలా ఉండిపోయింది.